వాకిటి చెట్టు నెంచు విద్య

సైదాబాదు వీథులలో నాలుగు గజముల ముంగిలి గల యింటికి ఏ చెట్టు తగునో చెప్పగల నర్సరీ మాలి విద్య సామాన్యమైనది కాదు. గోదావరితీరపు కడియం తోటలనుండి వచ్చిన మొక్కను చేత నందుకొని, నల్లని సంచి యడుగున వేళ్లు చుట్టలు చుట్టుకొన్నవేమో బొటనవ్రేలితో నొక్కి చూచి, గోడ చేరువనున్నచో మఱ్ఱి, రావి జాతులు పునాదిని పెకలించునని వారించి, ఎండకోర్చు దేవగన్నేరును, వేసవిలో పసిడిగుత్తులు వ్రేలాడదీయు రేలను, రాత్రి విరిసి వేకువనే రాలి ముగ్గువలె పఱచుకొను పారిజాతమును, వాడినను వాసన వీడని పొగడను అతడు ఒక్కొక్కటిగా మనయెదుట నిలుపును. ఇరువదియేండ్ల తరువాతి నీడను జానెడు మొక్కలో నేడే చూడగల యా దూరదృష్టికి నేను చేతులెత్తి మ్రొక్కుచున్నాను.