ద్వీపదుర్గశబ్ద విచారము – పట్టిసము

గోదావరి నడుమనున్న పట్టిసపుఁ గొండను వర్ణించువారు కొందఱు దానిని ‘నీటికోట’ యనుచున్నారు. మాట సొంపుగా నున్నది. అర్థము మాత్రము విచారింపఁదగి యున్నది.

‘ద్వి’ శబ్దమునకుఁ బరమైన ‘అప్’ శబ్దపు మొదటి యచ్చునకు ఈత్వమును బాణిని విధించెను. ఇరువైపుల నీరు గలది ద్వీపము. ఎచ్చటికిఁ బోవుట కష్టమో యది దుర్గము. మొదటి శబ్దము నేలయొక్క యునికిని దెలుపును. రెండవది వచ్చువాని శ్రమను దెలుపును. కౌటిల్యుఁడు నీటి నడుమ ద్వీపమును ఔదకదుర్గములలోఁ జేర్చెను గదా, నీటికోట యనుట తప్పెట్లగు నని పూర్వపక్షము. ఆతఁడు చెప్పినవి జనపదపుటంచులయందు యుద్ధార్థ మేర్పఱచు స్థానములని సమాధానము.

పట్టిసమున నట్టిది లేదు. దేవకూటాద్రిపై వీరభద్రుఁడు భద్రకాళితోఁ గొలువై యున్నాఁడు. భావనారాయణస్వామి కోవెలయుఁ గలదు. శివరాత్రికి వేలకొలఁది జనులు పడవలపైఁ జేరుదురు. ఎవరిని నాఁపు బురుజు లేదు. వఱద వచ్చినప్పుడు ‘దుర్గము’ యోగార్థమునఁ జెల్లును, రూఢ్యర్థమునఁ జెల్లదు. యోగముకంటె రూఢి బలవత్తరము.

ద్వీపత్వదుర్గత్వములు రెండును గూడిన పట్టణమును జూడవలెనన్నచో గ్రీకుల రోడ్సు ద్వీపము తగిన యుదాహరణము. 1309లో నైటు వీరులు దానిని వశపఱచుకొని గోడలు బలపఱచిరి. 1522లోఁ దురుష్కులు ముట్టడించి గైకొనిరి. ఆ ప్రాకారములు నేఁటికిని నిలిచియున్నవి, వానిలోపల జనులు కాపురము చేయుచున్నారు. యాత్రికుఁడు ద్వారము దాఁటఁగానే కోట యను మాటకు సాక్ష్యము కన్నులకుఁ గట్టును.

గోదావరీతీరమున నట్టి ప్రాకారము రాజమహేంద్రవరమునకుఁ బూర్వ ముండెను. రాజరాజనరేంద్రుని రాజధాని యది. నన్నయ భారతరచన కారంభము చేసినదియు నచ్చటనే. 1324 నాఁటి శాసనము గల మసీదు నచ్చటఁ గలదు. 1758లోఁ జెందుర్తి యుద్ధము పిమ్మట నాంగ్లేయులు ఆ కోటను బట్టుకొనిరి. నేఁడు గోడ లేదు, గుమ్మము లేదు. ‘కోటగుమ్మము’ అను పేరు మాత్రము నగరమధ్యమున నిలిచి, బండివాని నోటను గూరలమ్మువారి నోటను బలుకుచున్నది. రోడ్సునఁ జరిత్రకు ఱాయి సాక్షి. ఇచ్చట మాట సాక్షి. కోట లేనిచోటఁ గోట యనుట, కోట యున్నచోటి పేరును మఱచుట, రెండును ఒక్క సాక్షినే చెఱచును.

క్షేత్రనామమునకును ఇదియే న్యాయము. దక్షుని శిరము ఖండించిన వీరభద్రుఁడు తన యాయుధమగు పట్టిసమును గోదావరిలోఁ గడిగెనని స్థలపురాణము. ఈ శబ్దము సంస్కృతమునఁ దాలవ్యశకారముతోను దంత్యసకారముతోను గలదు, తెలుఁగునఁ బట్టిసము. ‘పట్టిససీమ’ యందలి సకారద్వయములో నొకటి యుచ్చారణమున లోపించి ‘పట్టిసీమ’ యైనదని యూహింపవచ్చును. 2015-16 నాఁటి యెత్తిపోతల పథకముతో నీ రూపమే దూరదేశములకుఁ బ్రాఁకినది. జనులు పలుకు రూపమును దిద్దఁబూనుట వైయాకరణునకుఁ దగదు. కాని ‘పట్టిసము’ మఱుఁగుపడెనేని యాయుధకథకు నాధారము పోవును. రెండు రూపములును వ్రాఁతలోఁ బ్రక్కప్రక్కన నుండుట మేలు.

పట్టిసమును వర్ణింపఁగోరువాఁడు లేని బురుజులను గట్టనక్కఱలేదు. ఏఱు, కొండ, కోవెల, పేరు చాలును.