గళ్ల చీరకు అర్థం ఎవరడిగారు?

కిందటి శ్రావణంలో ఒక సాయంత్రం ఈ పుస్తక రచయిత్రి పెనుకొండలో మా ఇంటికి వచ్చి, గుడ్డసంచీలోంచి ఒక కాగితాల కట్ట తీసి నా ముందు పెట్టింది. మొత్తం 22 వ్యాసాలు, అన్నీ ఆధునిక చిత్రకళ మీదే. "సార్, ఇవి అచ్చెయ్యల్లా, వద్దా? మీరు చెప్పినట్టే చేస్తా" అంది. ధర్మవరంలో మగ్గాల ఇంట్లో పుట్టి, నా దగ్గర తెలుగు చదువుకుని, ఇప్పుడు హిందూపురంలో పిల్లలకు డ్రాయింగు నేర్పుతున్న మనిషి. చదివి చెప్పడానికి వారం గడువడిగాను. మూడు నెలలు పట్టింది. ఒక్కొక్క వ్యాసం చదవగానే ఆ బొమ్మ చూడాలనిపించేది. చూశాక వ్యాసం మళ్లీ చదవాలనిపించేది.

తిరిగి వచ్చినప్పుడు ఆమె తన సంకోచం చెప్పింది. "పికాసో వేసిన అసలు బొమ్మ ఒక్కటి కూడా నేను కళ్లారా చూడలేదు సార్. అచ్చులో చూసిందే, ఫోనులో చూసిందే. చూడనిదాన్ని గురించి రాసేదానికి నేనెవరు?"

ఈ మాటను కొట్టిపారేయడం నాకు చేతకాలేదు. అచ్చుబొమ్మకు కొలత ఉండదు. పికాసో 'గెర్నికా' దాదాపు మూడున్నర మీటర్ల ఎత్తు, ఏడున్నర మీటర్లకు పైగా వెడల్పు. అరచేతిలో పట్టే అద్దంలో దాన్ని చూసి దాని బరువు తెలిసిందనడం అబద్ధమే. అందుకని ఒక పని చెయ్యమన్నాను. ప్రతి వ్యాసం మొదట్లో, ఆ బొమ్మను ఎక్కడ, ఎలా చూసిందో ఒక్క వాక్యంలో రాయమన్నాను. రాసింది. పాఠకులు గమనించండి: కొన్నిటి మీద 'అచ్చులో చూసింది' అని ఉంటుంది, కొన్నిటి మీద 'అసలు బొమ్మ' అని. అసలు బొమ్మల్లో చాలావాటి కోసం ఆదివారాలు హిందూపురంలో రైలెక్కి బెంగళూరు వెళ్లి, ప్యాలెస్ రోడ్డులో మాణిక్యవేలు భవనంలో 2009 నుంచి నడుస్తున్న జాతీయ ఆధునిక కళా ప్రదర్శనశాలలో గంటలకొద్దీ నిలబడింది. ఏది తెలుసో, ఏది తెలియదో ఇంత స్పష్టంగా చెప్పుకున్న కళావ్యాసాల పుస్తకం తెలుగులో నేనింతవరకు చదవలేదు.

రెండో సంకోచం ఊరి గురించి. హైదరాబాదులోనో, మద్రాసులోనో, బరోడాలోనో ఉన్నవాళ్లు రాయవలసిన సంగతులు హిందూపురంలో కూర్చుని రాస్తే ఎవరు నమ్ముతారని. దీనికి నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. 1914లో తెలుగునేలకు ఇద్దరు పుట్టారు. ఒకరు సంజీవదేవ్. కుర్రతనంలో హిమాలయాలకు వెళ్లి, కులూ లోయలో చిత్రకారుడు నికొలస్ రోరిక్ సన్నిధిలో ఉండి వచ్చినవాడు. వచ్చి దుగ్గిరాల దగ్గర తుమ్మపూడిలోనే ఉండిపోయాడు. 1999లో కన్నుమూసేదాకా ఆ పల్లె నుంచే తెలుగువాళ్లకు చిత్రకళ గురించి రాశాడు. ఆయన 'రసరేఖ' ఏ నగరంలో పుట్టిందని ఎవరూ అడగలేదు. రెండోవారు మా పెనుకొండలో పెరిగిన పుట్టపర్తి నారాయణాచార్యులు. ఈ కొండ కింద శిథిలాల మధ్య తిరుగుతూ పసితనంలోనే 'పెనుగొండ లక్ష్మి' రాశాడు. నాకింకా వయసు చాలదని దాచుకోలేదు. ఆ కావ్యమే తర్వాత ఆయన రాసిన విద్వాన్ పరీక్షకు పాఠ్యగ్రంథమై కూర్చుంది. ఈ సంగతి తరగతిలో చెప్పినప్పుడు ఈమె మూడో బెంచీలో ఉంది. గుర్తుచేస్తే నవ్వింది.

ఇక పుస్తకంలోకి వస్తాను. ఇందులో నన్ను పట్టి నిలబెట్టింది నాలుగో వ్యాసం. నైరూప్య చిత్రం ముందు నిలబడిన మన మనిషి మొదట అడిగేది, "ఇదేం బొమ్మ? దీనికి అర్థమేంటి?" అని. అదే మనిషి ధర్మవరంలో అంగడి మెట్లెక్కి, గళ్ల చీరో చారల చీరో చేతిలోకి తీసుకున్నప్పుడు దాని అర్థమేంటని అడగడు. ఎరుపు పక్కన పసుపు నిలిచిందా, అంచు ఒంటిని మింగేసిందా, గడి వెడల్పు కుదిరిందా అని చూస్తాడు. అలా చూడటం అతనికి వచ్చు, వాళ్లమ్మ నేర్పింది. ఆ చూపునే గోడకున్న పటం దగ్గరికి తీసుకుపొమ్మంటుంది రచయిత్రి. చిత్రకారుడు మోండ్రియాన్ గీసిన నలుపు గీతలను, ఎరుపు పసుపు నీలం గళ్లను ఆమె పడుగుపేకల లెక్కతో చదువుతుంది. నేను ఎన్నో ఇంగ్లీషు పుస్తకాలు తిప్పినా అర్థంకాని మనిషి నాకు అక్కడ అర్థమయ్యాడు.

అంతటితో వదిలేసి ఉంటే అది చమత్కారం అయ్యేది. ఆమె వదల్లేదు. చీర, పటం ఒకటి కావని తర్వాతి పేజీలోనే చెబుతుంది. చీర కుచ్చెళ్లలో మడతపడుతుంది, నడకతో కదులుతుంది, దాని గళ్లు ఎప్పుడూ పూర్తిగా కనబడవు. పటం కదలదు, అంతా ఒకేసారి మన ముందుంటుంది. కాబట్టి నేతగాడు మడతను లెక్కలోకి తీసుకుని రంగు పెడతాడు, చిత్రకారుడు అంచు దగ్గర ఏం చెయ్యాలో తేల్చుకోవాలి. ఈ తేడా చెప్పడానికి మగ్గం ముందు కూర్చున్న మనిషే కావాలి.

ఆ దారిలోనే రచయిత్రి నేతకళాకారిణి ఆనీ ఆల్బర్స్ దగ్గరికి వెళుతుంది. 1922లో జర్మనీలో బౌహౌస్ కళల బడిలో చేరిన ఆల్బర్స్‌కు గాజు పని మీద మనసు. ఆడపిల్లవని మగ్గాల గదికి పంపారు. ఆ మగ్గం మీదే పేరు తెచ్చుకుని, 1949లో న్యూయార్కు ఆధునిక కళా మ్యూజియంలో తన నేతపనిని మాత్రమే ప్రదర్శనగా పెట్టించుకుంది. చిత్రకారుడు మతీస్ కూడా నేతకు పేరుపడ్డ బొహెయిన్ ఊళ్లో పెరిగినవాడే. ఆధునిక చిత్రకళ మనకు పరాయిదనుకునేవాళ్లు ఈ ఇద్దరి మీది వ్యాసాలు చదవాలి.

నిమ్మలకుంట తోలుబొమ్మల మీద వ్యాసం చిన్నది, కానీ గట్టిది. మేకతోలును వెలుగు దాటేంత పలచగా చేసి, ఉలితో చిల్లులు పొడిచి, రంగులద్ది, తెర వెనక దీపం పెడితే రంగు బొమ్మ మీద ఉండదు, వెలుగులో ఉంటుంది. ఆ ఊరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ ఇచ్చినప్పుడు ఊరంతా సంబరపడ్డాం. ఆ వెలుగు ఎలా పనిచేస్తుందో మాత్రం ఎవరైనా రాసిపెట్టగా నేను చూడలేదు. ఈమె రాసింది.

లేపాక్షి మీద రాసిన పెద్ద వ్యాసంలో నాకు పేచీ ఉంది. వీరభద్రాలయం కప్పు మీది చిత్రాల్లో నీలం దాదాపు కనబడదు. నల్లటి గీత ప్రతి ఆకారాన్నీ బిగించి కడుతుంది. ముఖాలు పక్కకు తిరిగి ఉంటాయి. అజంతాతో పోల్చి కొందరు పండితులు దీన్ని క్షీణత అన్నారు. కాదు, అది ఎంచుకున్న పద్ధతి అంటుంది రచయిత్రి. మద్రాసులో చిత్రకారుడు కె. శ్రీనివాసులు ఆ బిగువు గీతనూ ఆ చదును రంగులనూ తన పటాల్లోకి తెచ్చుకున్నాడని సాక్ష్యం చూపిస్తుంది. 1530ల నాటి కప్పు 1950ల చిత్రకారుడికి కొత్తగా కనబడిందంటే అది క్షీణించిన కళ ఎలా అవుతుందని ఆమె ప్రశ్న. ప్రశ్న బాగుంది. అయినా నీలం లేకపోవడం చిత్రకారుల నిర్ణయమని నేను ఒప్పుకోను. చేతికందిన మన్ను, రాయి ఏ రంగిస్తే ఆ రంగే వాడారన్నది నా అభిప్రాయం. ఆ పేరా తీసెయ్యమన్నాను. తియ్యనంది. "తప్పయితే చదివినోళ్లే చెప్తారు సార్" అంది. ఆ మాటతో ఈ పుస్తకం అచ్చు కావాలని నాకు నిశ్చయమైంది. ఇంట్లో దాచుకున్న అభిప్రాయాన్ని ఎవరూ దిద్దలేరు.

నా సంగతి ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో సెలవులు వచ్చినప్పుడల్లా లేపాక్షి వెళ్లి, ఆ కప్పు కింద వెల్లకిలా పడుకుని, ఏ బొమ్మలో ఏ చీర, ఏ అంచు, ఏ రంగు అని రెండు నోటుపుస్తకాల నిండా రాసుకున్నాను. శిల్పచిత్ర శాస్త్రాలు చదివినవాణ్ణి కాను కదా, నాకెందుకని ట్రంకుపెట్టెలో పెట్టాను. చెదలు తినేశాయి. అప్పుడు నేను రాసుకున్న రంగుల్లో కొన్ని ఇప్పుడు వెతికినా నా కంటికి అందడం లేదు. రంగు వెలిసిందో, కళ్లే తగ్గాయో చెప్పడానికి ఆ పుస్తకాలు లేవు. ఈ అమ్మాయి వ్యాసాల్లో ఆ కప్పు మీది చీరల జాబితా చూసినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి.

చిత్రకళకు తెలుగులో పాఠకులు లేరని ఒక ప్రచురణకర్త ప్రతిని తిప్పి పంపారు. అందుకని సొంత ఖర్చుతో 500 కాపీలు వేస్తోంది. దయచేసి ఉచితంగా అడగకండి, కొని చదవండి. చదివాక ఈ పుస్తకం చేతబట్టుకుని హిందూపురం వచ్చి బస్సెక్కండి. లేపాక్షి పదిహేను కిలోమీటర్లు. కప్పు కింద నిలబడి నీలం కోసం వెతకండి. ఆమె మాట నిజమో, నా మాట నిజమో తేల్చి, ఆమెకొక ఉత్తరం రాయండి.