అరగిద్దె ఆవాలు

ఈ వారము నాకు కోపము తెప్పించినది ఒక ఆకు. అది మా పెరటి ఆకు కాదు, మన దేశపు ఆకు కూడ కాదు. కుంకుమయు పసుపును కలిపి పూసినట్లు మెరయుచు, మా కోడలు తెప్పించుకొను వంటల మాసపత్రిక ముఖచిత్రముపై ఒక గుమ్మడికాయ ప్రక్కన రాలి పడియున్న మేపుల్ ఆకు. దాని క్రింద పెద్ద అక్షరములతో ‘శరత్కాలపు ఆరోగ్య వంటకములు’ అని అచ్చువేసి యుండిరి.

ఈ శీర్షికను ఏండ్ల తరబడి ఓర్పుతో చదువుచున్నవారికి ఋతువుల విషయమున నాకు గల చాదస్తము క్రొత్త కాదు. మాఘమాసముననే కోకిలను కూయించిన ఒక కథకునిపై నేను వ్రాసిన వ్యాసమును, దానికి రాజమహేంద్రవరము నుండి వచ్చిన ఘాటైన ప్రత్యుత్తరమును వారు మరచియుండరు. అయినను మరియొకసారి చెప్పుదును. మన చెట్లు ఆకు రాల్చునది శిశిరమున, అనగా మాఘ ఫాల్గుణములలో. ఆశ్వయుజ కార్తీకములలోనో, వానలు కడిగి విడిచిన ఆకులతో చెట్లు నిండు ముత్తయిదువులవలె నిలిచియుండును, చెరువులు గట్లనంటియుండును, ఏటి ఒడ్డున రెల్లు తెల్లగా పూచును, వరి పొట్టమీద నుండును. మంచు కురియుటకు ముందు ఆకులు పండి రాలు చలిదేశపు కాలమునకు మన శరత్తు పేరు తగిలించినవారు పంచాంగమును చూచిరి గాని కిటికీలో నుండి బయటికి చూడలేదు.

“మామయ్యగారూ, ఆ ఆకుని వదిలేసి లోపలేముందో చూడండి. తిట్టడానికైనా ఒకసారి వండి చూడాలి కదా!” అని మా కోడలు పత్రికను నా ఒడిలో పెట్టి ఆఫీసుకు వెళ్లినది. మాట న్యాయమైనదే గనుక కళ్లజోడు పెట్టుకొని చదివితిని. గుమ్మడికాయ సూపు, కొర్రల కిచిడి, పెరుగు పట్టించి కాల్చిన చిలగడదుంప, దాల్చినచెక్కతో ఉడికించిన ఆపిలు, ఇత్యాదిగా పండ్రెండు వంటకములు. పండ్రెండింటికిని ‘ఆరోగ్యకరము’ అను బిరుదము.

ఆరోగ్యమునకును ఋతువునకును గల చుట్టరికము మనకు ఒకరు చెప్పవలసినది కాదు గదా యని నేను చరకసంహితను దింపితిని. సూత్రస్థానమున ఆరవ అధ్యాయమంతయు ఆ ముచ్చటయే. వానలకు అలవాటుపడిన దేహము శరత్తున ఒక్కసారిగా ఎండ తగిలి వేడెక్కుటచే అప్పటివరకు కూడియున్న పిత్తము ప్రకోపించుననియు, తీపియు కొంచెము చేదును గలిగి తేలికగా చలువగా నుండు ఆహారము హితమనియు, పగలు ఎండకు కాగి రాత్రి వెన్నెలకు చల్లారి అగస్త్య నక్షత్రోదయముతో నిర్విషమైన నీరు, హంసోదకమని పేరుగాంచినది, అమృతతుల్యమనియు చెప్పి, ఆ మహర్షి నూనెను, పెరుగును నిషేధించినాడు. పత్రికవారి పెరుగు పట్టించిన చిలగడదుంప అక్కడికక్కడే కూలిపోయినది. విజయగర్వముతో పడకకుర్చీలో వెనుకకు వాలబోవుచు తరువాతి మాట చదివితిని: పగటినిద్ర కూడ ఆ నిషేధములలోనిదే. గ్రంథమును మూసివేసితిని.

అంతేకాదు, ఇదే ఆశ్వయుజమున, బహుళ తదియనాడు, మన ఆడపిల్లలు అట్లతద్ది పేర తెల్లవారక ముందే లేచి గోంగూర పచ్చడితోను పెరుగుతోను చద్దన్నము తిని ఉయ్యాలలెక్కుచునే యున్నారు. వారిలో నొక్కరును చరకుని అనుమతి యడిగిన జాడ లేదు.

సరే, శాస్త్రమును విడిచి కావ్యమును పట్టుకొంటిని. ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుని ఇంటి భోజనములను చదివి నోరూరని తెలుగువాడు ఎవడు? వానకాలమున వరుగులు, వడియములు. వేసవిని మజ్జిగపులుసులు, లేతకొబ్బరి నీరు. చలిదినములలో మిరియపుపొడి తగిలిన వేడివేడి కూరలు. ఋతువెరిగి విస్తరి వేయుట రాయలవారికి తెలిసినట్లు వేరొకరికి తెలియదని నేను పలుమారులు ఈ శీర్షికలోనే వ్రాసియున్నాను. ఈసారి శరత్తు కొరకు ప్రత్యేకముగా వెదకగా, వానకొకటి, ఎండకొకటి, చలికొకటిగా మూడు విస్తరులే కనబడినవి. అదే కావ్యమున మరియొకచోట శరత్తును అంత సొంపుగా వర్ణించిన మహారాజు ఆ ఋతువున అతిథికి ఏమి పెట్టవలెనో చెప్పక విడిచినాడు. ఆయన విడిచినదానిని ఈ పత్రిక పూరించుచున్నదన్నమాట! ఈ ఊహ నాకు నచ్చలేదు గాని, మనస్సులో పడిన తరువాత తీసివేయుట నావల్ల కాలేదు.

కొర్రల విషయమున ఎక్కువ చెప్పను. పలనాటి జొన్నకూటిని ఎగతాళి చేసిన చాటువులు శ్రీనాథుని పేర ఊరూర వినబడుచున్న దేశమిది; 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యము వచ్చినప్పుడు, పండుగనాడు గాని వరియన్నము చూడని ఇండ్లు ఎంత సంతోషించినవో నేను కన్నులార చూచితిని. ఆ కొర్రలు, జొన్నలు, సామలకే ఐక్యరాజ్యసమితి 2023వ సంవత్సరమును అంకితము చేసినది. నేడు అవి పట్టణపు దుకాణములలో అందమైన సంచులలో నుండి సన్నబియ్యమును చూచి నవ్వుచున్నవి.

ఇక వంట. అరగంట నానవేయుడని పత్రిక చెప్పిన కొర్రలను నేను నానవేయలేదు. కప్పునకు రెండున్నర కప్పుల నీరని చెప్పినచోట, అన్నము వండిన చేతికి ఎసరు నేర్పవలెనా యని, వ్రేలి కణుపు ముంచి చూచి పోసితిని. అరకిలో గుమ్మడికాయ, ఒక ఉల్లిపాయ, రెండు వెల్లుల్లి రెబ్బలు, మూడు కప్పుల నీరు అన్న సూపునకు, కాయను కంటితోను నీటిని చెంబుతోను కొలిచితిని. కొర్రలు పలుకుపలుకుగా నిలిచి పండ్లకు ఎదురు తిరిగినవి. సూపు బియ్యము కడుగువలె పలుచనైనది; దానిని నిలబెట్టుటకు బియ్యపుపిండి, పిండికి చాలక చింతపండు, చింతపండునకు విరుగుడుగా బెల్లము, ఇంత చేసిన పిమ్మట పోపు లేకున్న బాగుండదని ఆవాలు, ఇంగువ. చివరకది సూపును కాదు, పులుసును కాదు. మా ఇంటి ఆవిడ ఒక చెంచా రుచిచూచి, కొర్రలవంక జాలిగా చూచి, “వీటిని డాబా మీద పిచ్చుకలకి వెయ్యండి, పుణ్యమైనా వస్తుంది” అన్నది.

లోపమంతయు పత్రికదేయని నాకు అప్పటికి సందేహము లేదు. కొలత చూచి వండువాడు నిఘంటువు చూచి మాటలాడువాని వంటివాడని నేను వెనుకనొకసారి వ్రాయగా బందరునుండి ఒక పాఠకురాలు ఆ వాక్యమును అట్టమీద వ్రాసి వంటింట కట్టుకొంటినని తెలిపినది. కప్పులు, చెంచాలు, గ్రాములు మనవి కావనియు, మన వంట చేతి అంచనాలో నున్నదనియు నా నిశ్చితాభిప్రాయము. దానికి ప్రమాణము మా మామ్మ.

అమలాపురము దగ్గర మా ఊరిలో కార్తీక సోమవారమునాడు పగలంతయు ఉపవాసముండి, చుక్క చూచి భోజనము చేయువారికి మామ్మ కంద బచ్చలి కూర వండెడిది. ఇంట ఇరువదిమందికి తక్కువ లేరు. కంద తరుగుటయే ఒక సాహసము. దానిలో కంటికి కనబడని సన్నని సూదులవంటి స్ఫటికములు, కాల్షియము ఆక్సలేటుట, చేతికిని గొంతుకును గ్రుచ్చుకొని దురద పుట్టించునని నేను కళాశాలలో చదువుకొంటిని గాని, మామ్మకు ఆ పేరు తెలియకయే చేతులకు నూనె రాచుకొని, తరిగిన ముక్కలను చింతపండు పులుసులో ఉడికించి దాని పొగరణచుట తెలియును. ముదిరిన కంద దురద పెట్టదని తట్టి చూచి యేరెడిది. బచ్చలి ఆకును లేతకాడలను కందతో కలిపి మెత్తగా ఉడికించి, తెడ్డుతో మెదిపి, ఎండుమిరపకాయ, కరివేపాకు, ఇంగువలతో పోపు పెట్టెడిది. చాతుర్మాస్యమున కార్తీకమునకు ద్విదళములు వర్జ్యములు గనుక ఆమె పోపులో శనగపప్పు, మినపప్పు ఉండవు.

ఆ తరువాతిది ఆవ. ఉప్పు, మిరపకాయ, ఆవాలు రోటిలో వేసి, చన్నీరు చిలుకరించుచు మెత్తగా నూరెడిది. నూరుచుండగా ఘాటు ముక్కున కెక్కి కన్నుల నీరు తిరుగుటకు మేము పిల్లలము పందెము వేసికొని రోటిమీదికి వంగెడివారము. కూర పొయ్యిమీద నుండగా ఆవ కలుపరాదు. వేడికి ఘాటు ఎగిరిపోయి చేదు మిగులును. కనుక దించిన కూరను చేతి వెనుకభాగముతో తాకి, గోరువెచ్చనకు వచ్చినదని తోచిన పిమ్మటగాని ముద్దను కలుపదు. అప్పుడైనను వెంటనే వడ్డింపదు. ఆవ ‘ఎక్కవలె’ననెడిది. దీపములు పెట్టి, తులసికోట చుట్టు తిరిగి, చుక్క కనబడినదని పిల్లలు కేకవేయువరకు ఆ గిన్నె మూతతో అట్లే యుండెడిది. మొదటి ముద్దకు ముక్కు మండి, రెండవ ముద్దకు కన్ను చెమర్చి, మూడవ ముద్దకు మారు వడ్డించుమని అడుగని వాడు మా ఇంట లేడు.

“మామ్మా, ఆవాలెన్ని వేశావే?” అని మా అమ్మయు, అత్తలును ఎన్నిసారులు అడిగినను ఆమె చెప్పినది ఒకటే మాట: “సరిపడా.” ఆమె పోయిన తరువాత మా అమ్మ ఇరువదియేండ్లు ఆ కూరను వండినది. బాగుండెడిది. మామ్మ కూర మాత్రము కాలేదు. చేతి మహిమ చేతితో పోయినదని మేమందరము ఒప్పుకొంటిమి. నేను దానిని సిద్ధాంతముగా చేసి ముప్పది వ్యాసములు వ్రాసితిని.

మొన్న ఆదివారము మా కోడలు, “ఈసారి మీ చెయ్యి పక్కనపెట్టి దీంతో పొయ్యండి మామయ్యగారూ” అని, ఒకదానిలో నొకటి ఇమిడియున్న నాలుగు స్టీలు కొలతకప్పులు నా చేతికిచ్చినది. అన్నిటికంటె చిన్నది కప్పులో నాలుగవ వంతుది. దానిని బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ పట్టుకొనగానే నా చేయి ఆగిపోయినది. ఆ పరిమాణమును ఆ వ్రేళ్లు ఎరుగును. అంచున నొక్కు పడి, లోపల సగమునకు ఒక గీత గీసియున్న ఇత్తడి గిద్దె! రోటి ప్రక్కన కూర్చుండి ఆవాల డబ్బాలో దానిని ముంచి ఇచ్చుట మా ఇంట నా పని. “అరగిద్దె. గీత దాటకురా!” అని మామ్మ ప్రతి సోమవారమును హెచ్చరించెడిది. అరువదేండ్లుగా ఈ మాటను నేనెట్లు మరచితినో నాకే తెలియదు.

మామ్మ కొలిచెడిది. ఎసటికి తవ్వ, పప్పునకు సోల, ఆవాలకు గిద్దె; నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచము. చింతపండు నిమ్మకాయంత, బెల్లము ఉసిరికాయంత. ‘సరిపడా’ యన్నది అడిగినవారికి చెప్పిన మాట. తనకు తాను చెప్పుకొన్నది అరగిద్దె. 1956లో తూనికలు కొలతల చట్టము వచ్చిన తరువాత బజారునుండి శేరు, సోల మెల్లగా తప్పుకొన్నవి. మామ్మ పోయిన రెండేండ్లకు మా ఇంటి ఇత్తడి సామానంతయు వీధిలోనికి వచ్చిన స్టీలు వర్తకుని తక్కెడలో తూగి రెండు బిందెలుగాను ఒక కారియరుగాను మారినది. అందులోనే గిద్దెయు పోయియుండవలెను. కొలపాత్ర పోయిన పిమ్మట మా అమ్మ చేతిలో మిగిలినది అంచనా. చేతగాక మిగిలిన దానినే నేను సంప్రదాయమని పొగడుచు వచ్చితిని. బందరు పాఠకురాలిని ఆ అట్టను తీసివేయుమని వేడుచున్నాను.

కొర్రలు అరగంట నానినవి, నీరు రెండున్నర కప్పులు పోసితిని, పువ్వువలె విచ్చినవి. సూపులో మిరియముతప్ప నేనేమియు కలుపలేదు. మా ఇంటి ఆవిడ రెండవసారి పోయించుకొని, ఎవరు వండిరని కోడలిని అడిగినది. ముఖచిత్రముపై ఆకును గూర్చి మాత్రము నా అభిప్రాయమును మార్చుకొనను.

ఇక పాఠకులకు ఒక విన్నపము. గిద్దె కొలత ఊరూర కొంచెము మారుచుండెడిది. కోనసీమ గిద్దెలో ఎన్ని మిల్లీలీటర్లు పట్టునో నన్ను నమ్మించునట్లు చెప్పువారు ఇంతవరకు దొరకలేదు. అమలాపురము చుట్టుప్రక్కల ఎవరి ఇంటి అటకమీదనైనను పాత ఇత్తడి గిద్దె యుండినచో, దానిలో అంచువరకు నీరు పోసి, ఆ నీటిని మందుసీసా కొలతమూతతో కొలిచి, ఈ పత్రిక చిరునామాకు ఒక కార్డు వ్రాయుడు. కార్తీకమున ఇంకను రెండు సోమవారములున్నవి, కంద కొని తెచ్చితిని.