ద్వేషంపై పరిశోధన: నిధులు ఎవరివైపు చూస్తున్నాయి?

2011 జులై 22న నార్వేలో 77 మందిని చంపినవాడు పరదేశి కాడు, ఆ దేశస్థుడే. క్రైస్తవ ఐరోపాను కాపాడుతున్నానని చెప్పుకున్నాడు. 2016లో నార్వే పరిశోధనా మండలి నిధులతో ఓస్లో విశ్వవిద్యాలయంలో ఏర్పడిన సి-రెక్స్ కేంద్రం ఇటువంటి రైట్‌వింగ్ తీవ్రవాదాన్నే పరిశీలిస్తున్నది. బ్రిటన్ అయితే 2007లో తన నివారణ కార్యక్రమమైన ‘ప్రివెంట్’ నిధులను ముస్లిం జనసంఖ్యను బట్టి స్థానిక సంస్థలకు పంచింది. దానితో ఒక సమాజమంతా అనుమానానికి గురైంది.

ఈ భేదం గమనార్హం. పొరుగువాని కంటిలోని నలుసును వెదకుటకు నిధులు త్వరగా దొరుకుతాయి, స్వంత కంటిలోని దూలానికి ఆలస్యంగా దొరుకుతాయి. నార్వే కేంద్రం సైతం 77 సమాధుల తరువాతనే వచ్చింది. క్రీస్తు నామాన్ని ద్వేషానికి వాడుకున్నచోట, ఆ పరిశోధనా భారం ప్రభుత్వాలకంటె ముందు వేదాంత కళాశాలలదేనని మేము భావిస్తున్నాము.