కొసరు

ఉరవకొండలో మా జేజి విత్తనానికి శనక్కాయలు ఒలుస్తూ పాడేది. ఒకసారి చిన్న డిజిటల్ రికార్డరును ఛార్జరుకు తగిలించి పాటలన్నీ పట్టుకున్నా. పాటతోపాటు కరెంటు గుయ్యిమనే మోతా పడింది. ఇంజనీరింగ్ చివరి ఏడాది ఆ మోత తీసేయడమే నా ప్రాజెక్టు.

మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. సరిగ్గా 50 దగ్గర సన్నని గంటు పెట్టే ఫిల్టరు ఉంటే చాలు. మ్యాట్‌ల్యాబ్ సాఫ్ట్‌వేరులోని టూల్‌బాక్సు దాన్ని నిమిషంలో గీసిచ్చింది. కంప్యూటర్లో వింటే జేజి పక్కనే కూర్చుని పాడినట్టుంది. అదే టూల్‌బాక్సు కోడు కూడా రాసి, ల్యాబులో ఉన్న టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ 5402 బోర్డులోకి దించింది. అక్కడ మోత మోతలాగే ఉంది.

వారం రోజులు వైర్లను అనుమానించా. పాపం, వైర్లదేం లేదు.

ఆ బోర్డులోది 16 బిట్ల చిప్పు. దానికి దశాంశాలు తెలియవు, మైనస్ ఒకటికీ ఒకటికీ మధ్య 65,536 గీతలే తెలుసు. సెకనుకు 8,000 శాంపిళ్లు తీస్తే నా ఫిల్టరుకు కావాల్సిన గుణకం 1.99846. అది ఒకటి దాటింది కాబట్టి సగం చేసి పెట్టాలి. ఆ సగం పడాల్సింది 32,742.74వ గీత మీద. ఆ .74కు చిప్పులో చోటు లేదు. 32,743 అంటే గంటు 49.74 దగ్గర పడుతుంది, 32,742 అంటే 50.72 దగ్గర. నాకు కావాల్సిన 50 ఆ రెండు గీతల నడుమ ఎక్కడో ఉంది. సేరుతో చిటికెడు పసుపు కొలిచినట్టు.

ఆ .74 పోతోందని చూపించమంటే టూల్‌బాక్సు చూపించేదే, నేనే అడగలేదు. 1980ల మొదట్లో ఈ వరసలో మొదటి చిప్పు వచ్చినప్పుడు ప్రతి గుణకారమూ అసెంబ్లీలో చేత్తో రాసుకునేవాళ్లు. వాళ్లకు ఆ .74 మొదటి రోజే ఎదురొచ్చి ఉంటుంది. నాకు మాత్రం టూల్‌బాక్సు దాన్ని మర్యాదగా సర్దేసింది.

మా ప్రాజెక్టు సారు నా లెక్కల కాగితం చూసి నవ్వినాడు. "రెండును ఎందుకు దాస్తావు అబ్బీ? రెండుకు ఎంత తక్కువైందో అది దాచుకో." తక్కువైంది 0.00154. దాన్ని 512 రెట్లు పెంచినా ఒకటి దాటదు. అట్లా పెట్టి, గుణించినాక మళ్లీ అన్ని రెట్లూ తగ్గించుకుంటే కొసరు పోదు.

మోత పోయింది. పాట కింద అంతవరకూ వినబడని చప్పుడొకటి తేలింది, శనక్కాయలు చిట్లే టకటక. ఒక్కో చరణానికి జేజి ఎన్ని కాయలు ఒలిచిందో లెక్కపెట్టొచ్చు.