ఆపడం తెలిసిన చేతులు

వాకాడు తీరంలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కరెంటును ఎవరూ నమ్మరు. 1984 నవంబరు తుఫాను శ్రీహరికోట దగ్గరే తీరం దాటింది. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర దాటిన మిచౌంగ్ కూడా ముందు నెల్లూరు తీరాన్ని ఒరుసుకుంటూనే పైకి పోయింది. వాతావరణ శాఖ కనీసం 48 గంటల ముందు అలర్టు, 24 గంటల ముందు హెచ్చరిక ఇస్తుంది. పదుల కొద్దీ డిస్కులున్న స్టోరేజీ పెట్టెను ఆపాల్సిన అడ్మిన్‌కు ఆ వ్యవధి చాలు, పని తెలిసుంటే.

స్విచ్ కట్టేయడమేగా అనిపిస్తుంది. చిక్కేమిటంటే, సర్వర్ ఒక పద్దు పంపగానే స్టోరేజీ ‘రాసేశాను’ అంటుంది. అప్పటికి రాసింది డిస్కు మీద కాదు, కంట్రోలర్‌లోని క్యాష్ మెమరీలో. డిస్కు నెమ్మది కాబట్టి పని సాగడానికి ఆడే అబద్ధం అది. కొట్టులో చిత్తుపుస్తకంలో గీకిన పద్దులు రాత్రికి పేరేట్లోకి ఎక్కినట్టు, ఆ డేటా తర్వాత తీరిగ్గా డిస్కు చేరుతుంది. ఈలోగా కరెంటు పోతే బ్యాటరీ ఆదుకుంటుంది. ఈఎంసీ కంపెనీ పాత క్లారియాన్ స్టోరేజీ అయితే ఆ బ్యాటరీ బలంతోనే క్యాష్‌లో ఉన్నదంతా కొన్ని ప్రత్యేక డిస్కుల్లోకి దించుకుని, ఆ తర్వాతే ఆరిపోతుంది. ఎంత ముందుచూపు! అయినా మంచి అడ్మిన్ దాన్ని ఆఖరి దిక్కుగానే చూస్తాడు.

రక్షణ లేని చోట ఏమవుతుందో అతనికి తెలుసు. రెయిడ్-5లో డేటా ఒక డిస్కుకు, దాని పారిటీ మరో డిస్కుకు వెళ్తాయి. ఒకటి రాసి రెండోది రాయకముందే కరెంటు పోతే రెండూ పొసగవు. ఆ తేడా ఆ రోజు కనబడకపోవచ్చు. ఎప్పుడో ఒక డిస్కు పాడై, మిగతావాటి నుంచి దాన్ని తిరిగి కట్టేటప్పుడు తప్పుడు డేటా వస్తుంది.

అందుకే డేటాబేసుతో మొదలుపెట్టి కిందికి దిగుతాడు. అన్‌మౌంట్, సర్వర్లు, కంట్రోలర్లు, చిట్టచివర డిస్కుల షెల్ఫులు. లేపేటప్పుడు వరస తిరగబడుతుంది. షెల్ఫులకంటే ముందు కంట్రోలర్ లేస్తే దానికి తన డిస్కులు కనబడవు మరి.

నాకు బాగా నచ్చిన సూక్ష్మం నెట్‌యాప్ స్టోరేజీలో ఉంది. అందులో కంట్రోలర్లు జంటగా ఉంటాయి. ఒకటి పడిపోతే రెండోది దాని బరువు కూడా ఎత్తుకోవాలని నేర్పి పెట్టారు. మనం కావాలనే ఒకదాన్ని ఆపినా, తోడు పోయిందనుకుని రెండోది దాని డిస్కులను చేతిలోకి తీసుకుంటుంది. కాబట్టి హాల్ట్ ఆదేశంతో పాటే ‘టేకోవర్ వద్దు’ అనీ చెప్పాలి. ఆ మాటకు ఆదేశంలోనే చోటు పెట్టిన ఇంజినీరుకు యంత్రం స్వభావం ఎంత తెలుసో!

డిస్కు లోపలి పనితనం ఇంకా సూక్ష్మమైనది. నిమిషానికి 7,200 చుట్లు తిరిగే పళ్లెం మీద హెడ్ కొద్ది నానోమీటర్ల ఎత్తులో తేలుతుంటుంది. కరెంటు ఠక్కున పోతే, ఇంకా తిరుగుతున్న మోటారే జనరేటరై, ఆ కాస్త విద్యుత్తుతో హెడ్‌ను పక్కకు లాగేస్తుంది. చాలా డిస్కులు అలాంటి సందర్భాల లెక్క కూడా రాసుకుంటాయి.

ఏళ్ల తరబడి ఆగకుండా తిరిగిన డిస్కును ఆపితే మళ్లీ తిరగకపోవచ్చు. అందుకని డేటాబేసును ముట్టుకోకముందే అతను బ్యాకప్‌లోంచి ఒక ఫైలును వెనక్కి తెప్పించి, తెరిచి చూస్తాడు. షెల్ఫుల వెనక వైర్లకు చీటీలు కడతాడు. స్వర్ణముఖి పొంగే చోట పెట్టెను నేలకు ఎంత ఎత్తున పెట్టాలన్నది మాత్రం కొన్న రోజే తేల్చుకుని ఉంటాడు.