పెరటి ఉయ్యాల

కోనసీమలోని మా ఇంటి పెరటిలో, నూతిగట్టుకును పనసచెట్టుకును నడుమ, ఇనుపగొట్టముల చట్రమునకు వ్రేలాడుచు ఒక టేకు ఉయ్యాలబల్ల కలదు. మా ఇంటి పిల్లలందరును దానిమీద ఊగి పెరిగినవారే. గడచిన ఆశ్వయుజమున, అట్లతద్దికి ఇంక పదునైదు దినములున్నదనగా, నా మేనకోడలు కూర్చుండి యుండగనే అది ఒక ప్రక్కకు ఒరిగి నేలను తాకినది. పిల్లకు దెబ్బ తగులలేదు గాని, బల్ల చివర బోల్టు రంధ్రమునొద్ద నిలువున చీలినది. క్రొత్తబల్ల చేయింతమని నేననగా, బడిలో ముప్పదియేండ్లు భౌతికశాస్త్రము చెప్పిన మా నాన్నగారు తల అడ్డముగ నూపి, "బల్ల చీలడం మన కంటికి కనబడింది నాయనా. కనబడనిది ఇంకెక్కడో ఉంటుంది. ముందు దాన్ని వెదుకుదాం పద" అనిరి.

నిచ్చెన ఎక్కుట వైద్యులు ఆయనకు మాన్పించిరి గనుక నేనెక్కితిని. ఆయన క్రింద నిచ్చెన పట్టుకొని, "చూస్తే తెలియదురా, వేలితో తడిమి చెప్పు" అని అడుగుచుండిరి. నేలమీదనుండి దిట్టముగ తోచిన కొక్కెము, లంకె కూర్చుండు ఆ ఒక్కచోట, ఇన్నేండ్ల ఊపులకు ఇనుము ఇనుమును ఒరసికొని, అరంగుళపు కడ్డీ పావంగుళమునకు తరిగి, అద్దమువలె నునుపుదేరి యుండెను. మందము సగమైనచో బలమును సగమే తగ్గునని నేననుకొంటిని. నాన్నగారు నూతిగట్టుపై బొగ్గుతో రెండు వృత్తములు గీచి, వ్యాసము సగమైన కడ్డీకి మిగులు వైశాల్యము నాల్గవవంతే గనుక బలమును నాల్గవవంతే యని చూపిరి. అంతటితో ఆగక, ఉయ్యాల పైకి పోయి నిలిచినపుడు కాక, దిగివచ్చి నేలకు చేరువగా దూసికొనిపోవు క్షణముననే గొలుసుపై భారము అత్యధికముగ పడుననియు, గొలుసులు నేలకు సమాంతరమగునంత ఎత్తునుండి వచ్చు పిల్ల ఆ క్షణమున తన బరువునకు మూడింతలై కొక్కెమును లాగుననియు వివరించిరి. చిన్ననాట వెనుకనుండి నన్నూపుచు "ఇంక చాలు" అని ఆయన ఎందుకు ఆపెడివారో, నేనెందుకు అలిగెడివాడనో, అపుడు జ్ఞప్తికి వచ్చినది.

కొక్కెమును మార్చి, ఆ మీదట పలుగుతో చట్రపు కాళ్ళచుట్టును త్రవ్వితిమి. గొట్టము గాలిలో నున్నంతమేర రంగు చెడక నిగనిగలాడుచుండగా, నేలలోనికి దిగిన చోట, వానకాలమంతయు నీరు నిలిచి, గొట్టము చుట్టును పెచ్చులు పెచ్చులుగ ఊడి వచ్చినది. వెల్డింగు మేస్త్రిని పిలిపించి ఆ భాగమును కోయించి క్రొత్తముక్క అతికించి, రెడ్ ఆక్సైడు పూసి, మొదలునొద్ద సిమెంటును కాలినుండి వెలుపలికి వాలునట్లు పోయించితిమి. ఆ వాలు చిన్నపని. పూర్వము చట్రము నిలిపినవాడు అది చేసియుండినచో ఈ గొట్టము ఇంకెన్ని యేండ్లు నిలిచియుండునో!

గొలుసుల విషయమున నేనొక తప్పు చేయబోతిని. బూడిదవన్నెకు తిరిగిన లంకెలను మెరిపింపవలెనని గరుకు కాగితముతో రుద్దుచుండగా నాన్నగారు నా చేయి పట్టుకొనిరి. అది యశదపు పూత యట. ఉప్పుగాలి సోకినపుడు ఇనుముకంటె ముందుగ తాను కరగి, తాను మిగిలియున్నంతవరకు ఇనుమును కాపాడుట దాని స్వభావము. "దాన్ని గీకేస్తే ఇనుముకి అడ్డెవరురా?" అనిరి. నేను కాగితము క్రింద పెట్టి, గొలుసులను మంచినీట కడిగి, గుడ్డతో తుడిచి ఆరబెట్టితిని.

బల్ల పని ఒక పూటలో ముగిసినది. తుప్పు తాను పుట్టిన ఇనుముకంటె ఎక్కువ చోటు కోరును గనుక, రంధ్రములో బోల్టు ఉబ్బి కొయ్యను చీల్చినది. ఆ కొసను కోసి, చిత్రిక పట్టి, అడుగున అడ్డబద్ద బిగించి, క్రొత్త రంధ్రములను బోల్టుకంటె ఒకింత వదులుగ తొలిచి, అవిసెనూనె పట్టించితిమి.

పిల్ల బరువు ముప్పది కిలోలు. నాన్నగారు పాతిక కిలోల ఇసుక బస్తాలు నాలుగు బల్లపై నెక్కించి, ఒక రాత్రియంతయు అట్లే ఉంచిరి. తెల్లవారి కొక్కెములను, బోల్టులను, చట్రపు కాళ్ళను మరల నాచేత తడిమించి, అపుడుగాని సరే యనలేదు.

అట్లతద్దినాడు తెల్లవారుజామున, గోరింటాకు పండిన చేతులతో, గోంగూరపచ్చడియు పెరుగన్నమును తిని, వీధి పిల్లలందరును మా పెరటికి వచ్చిరి. మేనకోడలు మొదట కూర్చున్నది. మా అమ్మ లాంతరు పట్టుకొనెను, పాటలు సాగినవి, ఊపు హెచ్చినది. నేను పిల్ల ముఖమును చూచుచుంటిని. నాన్నగారు చట్రపు కాలిమీద అరచేయి ఆనించి, తలయెత్తి, ఆ చీకటిలో కానరాని కొక్కెమువైపే చెవియొగ్గి నిలుచుండిరి.